ఐఎల్‌ఆర్ లేని పిల్లలకు యూకేలో స్టూడెంట్ లోన్: లెక్కంతా సెప్టెంబరు 1 మీదే

ఇంగ్లండ్‌లో ప్రభుత్వ బడికి పిల్లల వీసాతో పెద్దగా పని ఉండదు. నాన్న స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నా, అమ్మ రెన్యువల్ కోసం ఎదురుచూస్తున్నా పిల్లవాడి చదువు ఫీజు లేకుండా సాగిపోతుంది. అసలు తేడా పద్దెనిమిదో ఏట, యూనివర్సిటీ ఆఫర్ చేతికొచ్చాక బయటపడుతుంది. ఒకే తరగతిలో, ఒకే మార్కులతో పాసైన ఇద్దరిలో, ఐఎల్‌ఆర్ (గడువు లేకుండా యూకేలో ఉండే అనుమతి) లాంటి అర్హత ఉన్న ఒకరికి 2025-26లో ఏడాది ఫీజు 9,535 పౌండ్లకు మించదు, అదీ లోన్ మీద. ఏ అర్హతా లేని రెండో వ్యక్తికి చాలా కోర్సుల్లో ఆ ఫీజు 20,000 పౌండ్లు దాటుతుంది, లోన్ రాదు, మొత్తం ఇంట్లోంచే కట్టుకోవాలి.

ఈ లోన్ ఎంత మేలైనదో తెలిస్తేగానీ దాన్ని పోగొట్టుకోవడం ఎంత నష్టమో అర్థం కాదు. పూచీకత్తు అడగరు, ఆస్తి తాకట్టు అక్కర్లేదు, క్రెడిట్ స్కోరు చూడరు. ఫీజు డబ్బు నేరుగా యూనివర్సిటీకి వెళ్తుంది. ఖర్చులకు విడిగా మెయింటెనెన్స్ లోన్ ఉంటుంది: 2025-26లో ఇంట్లోనే ఉండి చదివితే గరిష్ఠంగా 8,877 పౌండ్లు, లండన్ బయట విడిగా ఉంటే 10,544, లండన్‌లో విడిగా ఉంటే 13,762. కుటుంబ ఆదాయం ఏడాదికి 25,000 పౌండ్ల లోపుంటే పూర్తి మొత్తం, అంతకు మించితే తగ్గుతూ వస్తుంది. 2023 ఆగస్టు నుంచి డిగ్రీ మొదలుపెట్టినవాళ్లు జీతం 25,000 దాటాకే, దాటిన భాగం మీద 9 శాతం చొప్పున తిరిగి కడతారు. 40 ఏళ్లకు మిగిలింది రద్దవుతుంది. సంపాదన లేకపోతే వాయిదా కూడా లేదు. అందుకే దీన్ని మామూలు బ్యాంకు అప్పుతో పోల్చి, రాకపోతే బయట ఎక్కడో తీసుకుందాంలే అనుకోవడం పొరపాటు.

ముందుగా ఒక అపోహ. వీసా మీద పబ్లిక్ ఫండ్స్ (ప్రభుత్వ ఆర్థిక సాయం) వర్తించవని రాసి ఉంది కాబట్టి స్టూడెంట్ లోన్ అడిగితే వీసాకే ముప్పు అని చాలామంది భయపడతారు. ఇమిగ్రేషన్ నిబంధనల్లోని పబ్లిక్ ఫండ్స్ జాబితాలో స్టూడెంట్ లోన్ లేదు. అర్హత ఉంటే అడగొచ్చు, వీసాకేమీ కాదు.

రెండు కిటికీలు, రెండు నిర్ణయాలు

ఫీజు హోమా (స్థానికుల తక్కువ ఫీజు), ఓవర్‌సీసా (విదేశీ విద్యార్థుల ఎక్కువ ఫీజు) అన్నది యూనివర్సిటీ తేలుస్తుంది. లోన్ ఇవ్వాలా వద్దా అన్నది ప్రభుత్వ లోన్ల విభాగం స్టూడెంట్ ఫైనాన్స్ ఇంగ్లండ్ తేలుస్తుంది. రెండింటికీ వేర్వేరు నిబంధనలున్నాయి, చాలావరకు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. చిక్కంతా ఆ పోలికతోనే. యూనివర్సిటీ తన విచక్షణతో ఎవరికైనా హోమ్ ఫీజు ఇవ్వొచ్చు, అందుకు చట్టం అడ్డురాదు. లోన్ ఇచ్చేవాళ్లకు అలాంటి విచక్షణ లేదు. హోమ్ ఫీజు అని యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చిందని లోన్ కూడా వచ్చేస్తుందనుకుని హాస్టల్ అడ్వాన్స్ కట్టేసినవాళ్లు సెప్టెంబరులో ఇరుక్కుంటారు.

లోన్‌కు రాజమార్గం సెటిల్డ్ హోదా. అంటే బ్రిటిష్ పౌరసత్వం గానీ, ఐఎల్‌ఆర్ గానీ ఉండాలి, దానితోపాటు కోర్సుకు ముందు మూడేళ్లు యూకేలో నివాసం ఉండాలి. ఆ మూడేళ్ల నివాసం ప్రధానంగా ఫుల్‌టైమ్ చదువు కోసం వచ్చి ఉన్నది కాకూడదు. స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. అమ్మానాన్నలతో పాటు చిన్నప్పుడే వచ్చి బడికి వెళ్లిన పిల్లలకు ఈ అభ్యంతరం రాదు, వాళ్లు వచ్చింది కుటుంబంతో బతకడానికి. శరణార్థి హోదా పొందినవాళ్లకు, ఉక్రెయిన్ పథకాల కింద వచ్చినవాళ్లకు వేరే దారులున్నాయి, వాటికి మూడేళ్ల షరతు కూడా లేదు.

ఇక్కడే మన కుటుంబాల్లో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ఐఎల్‌ఆర్ తల్లిదండ్రులకు వస్తే చాలదు, చదవబోయే పిల్లకు సొంతంగా ఉండాలి. ఖర్చు ఎక్కువని ముందు పెద్దవాళ్లు మాత్రం దరఖాస్తు చేసుకుని, పిల్లలది తర్వాత చూద్దామని వదిలేస్తే, సరిగ్గా యూనివర్సిటీ ఏడాదిలో ఆ వాయిదా ఎదురుతిరుగుతుంది.

ఒక కేసు, ఒక కొత్త దారి

ఐఎల్‌ఆర్ లేనివాళ్లకు ఇప్పుడున్న దారి బ్యూరిష్ టిగెరె అనే అమ్మాయి వేసిన కేసుతో వచ్చింది. జాంబియాలో పుట్టి, 2001లో ఆరేళ్ల వయసులో తల్లిదండ్రులతో ఇంగ్లండ్ వచ్చింది. తండ్రి 2003లో వెళ్లిపోయాడు. తల్లీకూతుళ్లు వీసా గడువు దాటి ఉండిపోయారు. 2012లో ఆమెకు పరిమిత కాలపు అనుమతి దొరికింది. బడిలో హెడ్ గర్ల్, 2013లో నార్తంబ్రియా యూనివర్సిటీలో సీటు వచ్చింది, ఐఎల్‌ఆర్ లేదని లోన్ మాత్రం రాలేదు.

2015 జులై 29న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల మెజారిటీతో ఆమెకు అనుకూలంగా తీర్పిచ్చింది. లేడీ హేల్, లార్డ్ కెర్, లార్డ్ హ్యూస్ ఒకవైపు, లార్డ్ సంప్షన్, లార్డ్ రీడ్ మరోవైపు. చిన్నప్పటి నుంచీ ఇక్కడే పెరిగి, ఇక్కడే పనిచేసి పన్ను కట్టబోయే పిల్లల్ని ఐఎల్‌ఆర్ లేదన్న ఒక్క కారణంతో పక్కన పెట్టడం మానవ హక్కుల ఒప్పందానికి విరుద్ధమన్నది మెజారిటీ మాట. అయితే అదే తీర్పు ఇంకో షరతును నిలబెట్టింది: కోర్సుకు ముందు మూడేళ్ల నివాసం చట్టబద్ధంగా ఉండాలి. ఈ రెండో సగాన్ని చాలామంది మర్చిపోతారు. తిరస్కరణలు చాలా వరకు వచ్చేది మాత్రం దాని దగ్గరే.

తీర్పు తర్వాత 2016 జూన్ 6 నుంచి దీర్ఘకాల నివాసం అనే కొత్త వర్గం నిబంధనల్లో చేరింది. కోర్సు మొదటి విద్యా సంవత్సరపు మొదటి రోజున విద్యార్థికి 18 ఏళ్లలోపుంటే, అంతకు ముందు ఏడేళ్లూ యూకేలో ఉండి ఉండాలి. 18 నిండితే తన వయసులో సగం కాలమో, 20 ఏళ్లో వరసగా ఉండి ఉండాలి. మూడేళ్ల చట్టబద్ధ నివాసం అందరికీ తప్పదు.

కాగితం మీద మూడు మెట్లున్నాయి గానీ ఇంగ్లండ్ పిల్లలకు పనికొచ్చేది దాదాపు ఒక్కటే. ఇక్కడి విద్యా సంవత్సరం సెప్టెంబరు 1 నుంచి ఆగస్టు 31 దాకా పుట్టినవాళ్లను ఒకే తరగతిలో వేస్తుంది. కాబట్టి మామూలు వరసలో ఏ లెవెల్స్ (బడి చివరి పరీక్షలు) ముగించిన పిల్లల్లో అందరికంటే చిన్నవాడికి కూడా యూనివర్సిటీ మొదలయ్యే సెప్టెంబరు 1 నాటికి 18 నిండిపోతాయి. ఏడేళ్ల నిబంధన చూసి, మావాడు తొమ్మిదో ఏడు కదా ఉంటున్నది అని ధీమా పడే తల్లిదండ్రులు ఈ సంగతి గమనించరు. ఒక తరగతి ముందుకు జరిగిన పిల్లలకు తప్ప అది అక్కరకు రాదు. 20 ఏళ్ల మెట్టు కూడా అంతే: ఇరవై దాటాక వచ్చి నలభై దాటాక చదవదలచినవాళ్లకే దానివల్ల లాభం. మిగిలినవాళ్లందరికీ అసలు పరీక్ష సగం జీవితమే.

సగం జీవితాన్ని రోజుల్లో లెక్కపెట్టాలి

సులువైన సూత్రం ఒకటి చెప్పొచ్చు: ఏ వయసులో వచ్చారో దానికి రెట్టింపు వయసులో అర్హత వస్తుంది. తొమ్మిదేళ్లకు వస్తే పద్దెనిమిదికి, పదకొండేళ్లకు వస్తే ఇరవై రెండుకి. అయితే నెలల తేడాతో పోగొట్టుకునేవాళ్లున్నారు కాబట్టి రోజుల్లో లెక్క చూడటం మంచిది.

2007 మార్చి 10న పుట్టిన అమ్మాయిని తీసుకుందాం. 2025 సెప్టెంబరు 1 నాటికి ఆమె వయసు 6,750 రోజులు. అందులో సగం 3,375. సెప్టెంబరు 1 నుంచి అన్ని రోజులు వెనక్కి వెళ్తే 2016 జూన్ 5 వస్తుంది. ఆ తేదీకో, అంతకు ముందో యూకేలో దిగి ఉంటే 2025లో మొదలయ్యే కోర్సుకు ఈ మెట్టు దాటినట్టు. బడికి వేసవి సెలవులిచ్చాక జులై చివర్లో వచ్చి ఉంటే దాటనట్టు.

అలాగని ఆశ వదులుకోనక్కర్లేదు. విద్యా సంవత్సరపు మొదటి రోజు అంటే క్లాసులు మొదలయ్యే రోజు కాదు. ఆగస్టు నుంచి డిసెంబరు మధ్య మొదలయ్యే కోర్సులకు సెప్టెంబరు 1, జనవరి నుంచి మార్చి మధ్యవైతే జనవరి 1, ఏప్రిల్ నుంచి జూన్ మధ్యవైతే ఏప్రిల్ 1, జులైవైతే జులై 1. అదే అమ్మాయి 2026 జనవరిలో మొదలయ్యే కోర్సు పడితే కటాఫ్ 2016 ఆగస్టు 5కి జరుగుతుంది. ఏడాది ఆగి 2026 సెప్టెంబరులో చేరితే 2016 డిసెంబరు 4 దాకా వస్తుంది. అంటే ఒక ఏడాది ఆగితే కటాఫ్ సుమారు ఆరు నెలలు ముందుకు కదులుతుంది. జులై చివర్లో వచ్చిన ఆ అమ్మాయికి జనవరి కోర్సు దొరికినా చాలు, ఏడాదంతా పోనక్కర్లేదు. 2027 జనవరి నుంచి మొదలయ్యే కోర్సులకు లైఫ్‌లాంగ్ లెర్నింగ్ ఎన్‌టైటిల్‌మెంట్ అనే కొత్త పద్ధతి రాబోతోంది, ఆ తర్వాత చేరేవాళ్లు అప్పటి నిబంధనలే చూసుకోవాలి.

ఈ సగం జీవితం అంతా వీసా ఉన్న కాలమే కానక్కర్లేదు. టిగెరె లాగా మధ్యలో పత్రాలు లేని ఏళ్లున్నా అవీ ఈ లెక్కలోకి వస్తాయి. కానీ వరసగా ఉండాలి. సెలవులకు ఊరికెళ్లి రావడం ఫరవాలేదు. అమ్మమ్మ దగ్గరో, నాయనమ్మ దగ్గరో రెండేళ్లు ఉంచి అక్కడి బడిలో చదివించి తీసుకొస్తే మాత్రం లెక్క తెగుతుంది, మళ్లీ వచ్చిన రోజు నుంచే మొదలవుతుంది. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఇలా పంపే ఇళ్లు మనలో తక్కువేం కాదు.

మూడేళ్ల షరతులోని నివాసం అంటే ఏమిటన్న ప్రశ్నకు ఇంగ్లండ్ కోర్టులు ఇప్పటికీ 1982 డిసెంబరు నాటి షా కేసు తీర్పునే ఆధారం చేసుకుంటాయి. విదేశాల నుంచి వచ్చి చదువుకున్న విద్యార్థులు బార్నెట్ కౌన్సిల్ లాంటి స్థానిక సంస్థల మీద గ్రాంట్ల కోసం వేసిన కేసులవి. తన ఇష్టంతో, ఒక స్థిరమైన ఉద్దేశంతో, రోజువారీ జీవితంలో భాగంగా ఒకచోట ఉండటమే నివాసమని లార్డ్ స్కార్మన్ చెప్పాడు. అక్కడే ఇంకో మాట కూడా ఉంది: చట్టాన్ని ఉల్లంఘించి ఉండే కాలం అందులోకి రాదు. మూడేళ్ల చట్టబద్ధ నివాసం షరతుకు మూలం అదే.

ఆ మూడేళ్లలో ఒక్క ఖాళీ

2025 సెప్టెంబరులో చేరేవాళ్లకు 2022 సెప్టెంబరు 1 నుంచి ఒక్క రోజు కూడా వీసా లేని కాలం ఉండకూడదు. పదేళ్ల మార్గంలో (అనుమతి పొడిగించుకుంటూ పదేళ్లకు ఐఎల్‌ఆర్ చేరే దారిలో) ఉన్న కుటుంబాలకు ఇదే పెద్ద గండం. రెండున్నరేళ్లకోసారి అనుమతి పొడిగించుకోవాలి, అంటే ఆ మూడేళ్లలో కనీసం ఒక రెన్యువల్ తప్పక పడుతుంది. ప్రతిసారీ దరఖాస్తు రుసుముతో పాటు హెల్త్ సర్‌చార్జి కట్టాలి. 2024 ఫిబ్రవరి నుంచి పెద్దవాళ్లకు అది ఏడాదికి 1,035 పౌండ్లు, రెండున్నరేళ్లకు 2,587 పౌండ్ల 50 పెన్నీలు. ఇంట్లో నలుగురుంటే డబ్బు సర్దలేక దరఖాస్తు వారం, పది రోజులు ఆలస్యం కావడం వింతేమీ కాదు.

గడువు తీరకముందే దరఖాస్తు పంపితే 1971 ఇమిగ్రేషన్ చట్టం 3సి సెక్షన్ కాపాడుతుంది. వీసాలు చూసే ప్రభుత్వ శాఖ హోమ్ ఆఫీసు జవాబివ్వడానికి ఎన్ని నెలలు పట్టినా పాత అనుమతే కొనసాగినట్టు లెక్క, ఆ కాలమంతా చట్టబద్ధమే. గడువు తీరిన మర్నాడు పంపినా ఆ రక్షణ లేదు. 14 రోజుల్లోపు తగిన కారణంతో పంపితే ఆలస్యాన్ని పట్టించుకోకుండా హోమ్ ఆఫీసు కొత్త అనుమతి ఇవ్వొచ్చు. దాంతో వీసా సమస్య తీరిపోయిందని ఊపిరి పీల్చుకుంటారు. కానీ ఆ మధ్య రోజులు వెనక్కి వెళ్లి చట్టబద్ధం కావు. లోన్ దరఖాస్తులో ఆ ఖాళీ కనిపిస్తే మూడేళ్ల లెక్క కొత్త అనుమతి తేదీ నుంచి మళ్లీ మొదలయ్యే ప్రమాదం ఉంది. డబ్బు లేక ఆలస్యమయ్యేలా ఉంటే, కుటుంబ, ప్రైవేట్ లైఫ్ (యూకేలో గడిపిన జీవితం ఆధారంగా అనుమతి) మార్గాల్లో ఉన్నవాళ్లు గడువు తీరకముందే ఫీ వేవర్, అంటే రుసుము మినహాయింపు, అడగాలి. దాని మీద నిర్ణయం వచ్చాక ఇచ్చిన గడువులోపు అసలు దరఖాస్తు పంపితే మధ్యలో ఖాళీ రాదు.

తొందరపడి చేరితే

అర్హతను కోర్సు మొదటి ఏడాది మొదటి రోజున చూస్తారు. సీటు వచ్చింది కదా, మొదటి ఏడాది అప్పోసొప్పో చేసి కట్టేద్దాం, రెండో ఏడాదికి సగం జీవితం నిండుతుంది, అప్పటి నుంచి లోన్ తీసుకుందాం అన్న ఆలోచన చాలా ఇళ్లలో వస్తుంది. ఈ వర్గంలో అది పనిచేయదు. మొదటి రోజున అర్హత లేకపోతే, తర్వాత సగం జీవితం నిండినా ఆ కోర్సు పూర్తయ్యేదాకా ఈ దారిలో లోన్ రాదు. కోర్సు మధ్యలో శరణార్థి హోదా రావడం లాంటి కొన్ని మార్పులకు మినహాయింపుంది, నివాస కాలం నిండటం వాటిలో లేదు.

పోనీ మానేసి కొత్త కోర్సులో చేరదామంటే ఇంకో చిక్కు. ఫీజు లోన్ ఎన్నేళ్లు ఇస్తారన్నదానికి లెక్క: కోర్సు వ్యవధికి ఒక ఏడాది కలిపి, అందులోంచి అంతకుముందు చదివిన ఏళ్లు తీసేస్తారు. సొంత డబ్బుతో చదివినా ఆ ఏడాది తీసివేతలోకి వస్తుంది. ఒక ఏడాది వృథా అయితే అదనపు ఏడాదితో సరిపోతుంది. రెండేళ్లు చదివి మానేస్తే కొత్త డిగ్రీలో ఒక ఏడాది ఫీజు చేతినుంచి పెట్టుకోవాలి. ఏడాది ఆగి, ఆఫర్‌ను డిఫర్ చేసుకుని (తర్వాతి ఏడాదికి వాయిదా వేయించుకుని), అర్హత వచ్చాక చేరడమే చాలామందికి తక్కువ నష్టం. తోటివాళ్లంతా వెళ్లిపోతుంటే ఆగడం పద్దెనిమిదేళ్ల పిల్లకు కష్టమే, ఆ ఏడాది ఏం చేయాలో ముందే ఆలోచించి పెట్టాలి. డిఫర్ చేసేముందు, వచ్చే ఏడాది ఆఫర్ షరతులు మారవని యూనివర్సిటీ చేత రాతపూర్వకంగా చెప్పించుకోవాలి.

స్కాట్లండ్‌లో ఉండే కుటుంబాలకు కథ వేరు. అక్కడి దీర్ఘకాల నివాస నిబంధన చెల్లదని 2022లో అక్కడి పెద్ద సివిల్ కోర్టు, కోర్ట్ ఆఫ్ సెషన్ తీర్పిచ్చింది. 2023-24 నుంచి సగం జీవితం షరతు పోయి, మూడేళ్ల చట్టబద్ధ నివాసం మిగిలింది. కేవలం చదువు కోసం ఇంగ్లండ్ నుంచి ఎడిన్‌బరోకో, గ్లాస్గోకో మారితే ఆ లాభం రాదు, కుటుంబం నిజంగా అక్కడ కాపురముండాలి.

పదో తరగతి వయసులోనే చూసుకోవాల్సినవి

యూకేలో పుట్టిన పిల్లలైతే ముందు పౌరసత్వం సంగతి చూడాలి. 1983 నుంచి అక్కడ పుట్టినంత మాత్రాన బ్రిటిష్ పౌరులు కారు. పుట్టేటప్పటికి తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులో, సెటిలైనవాళ్లో కావాలి. తర్వాత ఒకరు సెటిలైతే, బిడ్డకు 18 నిండేలోపు రిజిస్టర్ చేయించొచ్చు. తల్లిదండ్రుల హోదా ఏదైనా సరే, పుట్టినప్పటి నుంచి మొదటి పదేళ్లూ అక్కడే ఉన్న బిడ్డకు రిజిస్టర్ చేయించుకునే హక్కుంది, ఏ ఏడాదిలోనూ 90 రోజులకు మించి బయట ఉండకపోతే. ఈ హక్కు చేతిలో పెట్టుకుని కూడా వీసా రెన్యువల్ మీద రెన్యువల్ చేయిస్తున్న ఇళ్లున్నాయి.

2022 జూన్ 20 నుంచి వచ్చిన ప్రైవేట్ లైఫ్ నిబంధనల్లో, సగం జీవితం యూకేలో గడిపిన 18 నుంచి 24 ఏళ్ల వాళ్లకు పదేళ్లకు బదులు ఐదేళ్లలో ఐఎల్‌ఆర్ దారి ఉంది. ఇక స్కిల్డ్ వర్కర్ కుటుంబాలు గమనించాల్సింది 2025 మే నెలలో ప్రభుత్వం తెచ్చిన శ్వేతపత్రం. సెటిల్‌మెంట్‌కు, అంటే ఐఎల్‌ఆర్‌కు, మామూలు గడువును ఐదేళ్ల నుంచి పదేళ్లకు పెంచాలని అందులో ప్రతిపాదించారు. పన్నెండేళ్లకు వచ్చిన పిల్లకు ఐదేళ్ల లెక్కలో 17కే ఐఎల్‌ఆర్ వస్తుంది, లోన్ ఇబ్బంది లేదు. పదేళ్ల లెక్కలో 22 దాకా ఆగాలి, సగం జీవితం దారిలో 24 దాకా. ఇన్నాళ్లూ ఈ గొడవ మనది కాదనుకున్న కుటుంబాలు కూడా ఆ ప్రతిపాదన ఎక్కడిదాకా వచ్చిందో చూసుకుంటూ ఉండాలి.

దరఖాస్తు ఆన్‌లైన్‌లో మామూలుగా వసంతంలో మొదలవుతుంది. విద్యా సంవత్సరం మొదటి రోజు నుంచి తొమ్మిది నెలల దాకా గడువుంటుంది గానీ, దీర్ఘకాల నివాసం కింద అడిగేవాళ్లు మొదటి వారాల్లోనే పెట్టడం మేలు, వీళ్ల కాగితాల పరిశీలనకు ఎక్కువ సమయం పడుతుంది. నివాస వివరాల దగ్గర హోదాను ఉన్నదున్నట్టుగా రాయాలి, వచ్చిన తేదీని పాస్‌పోర్టు ముద్రతో సరిచూసి రాయాలి. రుజువులు ఏడాదికొకటైనా ఉండాలి: ప్రైమరీ స్కూల్ నుంచి చేరిన తేదీ, మానిన తేదీ ఉన్న ఉత్తరం, జీపీ (ఇంటి దగ్గరి డాక్టర్) దగ్గర రిజిస్టరైన రికార్డు, టీకాల కార్డు, పాత పాస్‌పోర్టులు. పాత పాస్‌పోర్టు పారేస్తే హోమ్ ఆఫీసు దగ్గర తమ ఫైలు ఉచితంగా అడిగి తెప్పించుకోవచ్చు. బీఆర్‌పీ (నివాస అనుమతి) కార్డుల కాలం 2024తో ముగిసింది, ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉండే ఈవీసా, దాన్ని ఇతరులు చూసేందుకు వాడే షేర్ కోడ్ ఇవ్వాలి. రెన్యువల్ పెండింగులో ఉన్నవాళ్లకు ఈవీసాలో గడువు తీరినట్టు కనిపించొచ్చు. అప్పుడు దరఖాస్తు అందినట్టు వచ్చిన రసీదు, పాత అనుమతి ముగిసిన తేదీ పక్కపక్కనే పెట్టి, 3సి సెక్షన్ పేరు రాసి ఒక చిన్న వివరణ జతచేయాలి. అది లేకపోతే ఫైలు చూసేవాళ్లకు వీసా లేనట్టే కనిపిస్తుంది.

తిరస్కరణ వస్తే ముందు ఏ షరతు దగ్గర ఆగిందో ఉత్తరంలో వెతకాలి. సగం జీవితం దగ్గరైతే తేదీల లెక్క పంపి సరిదిద్దమనొచ్చు, మూడేళ్ల దగ్గరైతే ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఖాళీ ఉందంటున్నారో అడగాలి. స్టూడెంట్ ఫైనాన్స్ ఇంగ్లండ్‌ను నడిపే స్టూడెంట్ లోన్స్ కంపెనీకి అప్పీలు చేసుకోవచ్చు. జ్యుడీషియల్ రివ్యూ (నిర్ణయం చట్టప్రకారం ఉందా అని కోర్టు చూడటం) దాకా వెళ్లాలంటే నిర్ణయం వచ్చిన మూడు నెలల్లోపు, అదీ వెంటనే కదలాలి. కాబట్టి అప్పీలు జవాబు కోసం ఎదురుచూస్తూ ఆ గడువు దాటనివ్వకూడదు. ఈ దశలో సలహా కోసం సొలిసిటర్ దగ్గరకో, ఇమిగ్రేషన్ అడ్వైస్ అథారిటీలో రిజిస్టరైనవాళ్ల దగ్గరకో వెళ్లాలి. డబ్బు తీసుకుని ఫారాలు నింపే ఏజెంటుకు ఆ రిజిస్ట్రేషన్ లేకపోతే, అతను ఇమిగ్రేషన్ సలహా ఇవ్వడమే నేరం.